ఆరుబయట విందును ఫోటోల్లో పట్టే విధానం: చోటు చూసుకోవడం నుంచి ఫోటోలు పంచడం దాకా

చెట్ల కింద అందరూ కలిసి భోజనం చేసిన రోజున తీసిన ఫోటోలను ఇంటికి వచ్చి చూసుకుంటే నిరాశ కలుగుతోందని, ముఖాల మీద తెల్లని మచ్చలు, పళ్ళేల్లో నల్లని నీడలు, నములుతూ దొరికిపోయిన నోళ్ళు తప్ప ఆ పూట సందడి వాటిలో కనిపించడం లేదని చాలామంది పాఠకులు రాస్తున్నారు. ఏ కెమెరా కొనాలన్నది వారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న. కెమెరా మార్చినంత మాత్రాన ఈ లోపాలు పోవు. కూర్చునే చోటు, పరిచే గుడ్డ రంగు, ఫోటోలు తీసే వరుస అనే మూడింటినీ సరిచేసుకుంటే చేతిలో ఉన్న ఫోన్‌తోనే చాలావరకు పోతాయి.

ఈ మార్గదర్శికంతటికీ ఆధారమైన విషయం ఒకటుంది. పంచుకుని తినడమనేది పళ్ళెంలో కనిపించదు, ముఖంలోనూ పూర్తిగా కనిపించదు. ఇచ్చే చేతికీ అందుకునే చేతికీ నడుమనున్న జానెడు జాగాలో కనిపిస్తుంది. కింద చెప్పిన పనులన్నీ ఆ జానెడు జాగా మీద మంచి వెలుతురు పడేలా, దాని వెనుక చెత్త లేకుండా, దాన్ని పట్టే క్షణంలో మీరు సరైన చోట ఉండేలా చూసుకోవడానికే.

1. బయల్దేరే ముందు తేల్చుకోవలసినవి

భోజనం ఎన్ని గంటలకు మొదలవుతుందో, ఎవరు వడ్డిస్తారో, వేడివేడిగా తినవలసినవి ఏమేమి ఉన్నాయో ముందుగానే అడిగి తెలుసుకోండి. వడ్డించే మనిషే ఆ రోజు మీ ఫోటోలకు కేంద్రం. ఆ మనిషి ఎటు నుంచి మొదలుపెట్టి ఎటు వెళతారో తెలిస్తే ఎదురుగా ఎక్కడ కూర్చోవాలో మీకు తెలుస్తుంది.

ఫోటోలు తీస్తారన్న సంగతి వచ్చేవారందరికీ ముందే చెప్పండి. తినేటప్పుడు ఫోటో తీస్తే ఇబ్బంది పడేవారు ఉంటారు. వారు అందరి ముందూ కాదనలేక ఊరుకుంటారు కాబట్టి ఒక్కొక్కరినీ విడిగా అడగడమే మర్యాద. పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల అనుమతి, వాటిని ఇతరులకు పంపడానికి మరో అనుమతి అవసరం. ఈ రెండింటినీ ఒకటిగా భావించకండి.

తీయవలసిన ఫోటోల జాబితా చిన్నదిగా ఉండాలి. ఎనిమిది, పది చాలు. జాబితా పెద్దదైతే కళ్ళు కాగితం మీదే ఉంటాయి, ఎదుట జరిగేది జారిపోతుంది. నేను ఎప్పుడూ రాసుకునేవి ఇవి:

- ఎవరూ రాకముందు ఖాళీ చోటు
- మూటలు విప్పడం, గుడ్డ పరచడం
- పైనుంచి విందు మొత్తం, ఒకే ఒక్కటి
- అందరూ ఉన్న ఫోటో
- మొదటి వడ్డన
- చేతి నుంచి చేతికి మారే ఏదో ఒక పదార్థం, దగ్గరగా
- మారు వడ్డనలో వద్దంటున్న చేయి, వేస్తున్న గరిటె
- పిల్లలు లేచి పరుగెత్తాక మిగిలిన పళ్ళేలు
- చోటును శుభ్రం చేసి సర్దుకోవడం

2. వెంట ఉండవలసిన సామాను

మార్చుకునే లెన్సులున్న కెమెరా అయితే ఒకే లెన్సు తీసుకువెళ్ళమని నా సలహా. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (పాత ఫిల్ము చట్రమంత సెన్సారున్నది) 35 మి.మీ. లేదా 50 మి.మీ. లెన్సు సరిపోతుంది. చేతిలో గరిటెలు, గ్లాసులు తిరుగుతున్న చోట, ధూళి లేచే చోట లెన్సులు మార్చడం మంచిది కాదు. మార్చేలోపు వడ్డన అయిపోతుంది కూడా.

లెన్సుకన్నా ఎక్కువ మేలు చేసేది తెల్లని అట్టముక్క. సుమారు రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న తెల్ల అట్ట లేదా థర్మోకోల్ షీటు నీడలో ఉన్న ముఖం వైపు వెలుతురును మళ్ళిస్తుంది. పలుచని తెల్లగుడ్డ ఒకటి ఉంటే సూటిగా పడే ఎండను మెత్తబరచడానికి పనికొస్తుంది.

వెంట ఉండవలసినవాటి జాబితా:

- పూర్తిగా చార్జ్ చేసిన బ్యాటరీ, అదనంగా మరొకటి లేదా పవర్ బ్యాంకు
- ఖాళీ మెమరీ కార్డు, లేదా ఫోన్‌లో కనీసం 5 జీబీ ఖాళీ
- లెన్సు తుడిచే మెత్తని గుడ్డ, చేతులు తుడుచుకునే మరో గుడ్డ
- తెల్ల అట్ట, పలుచని తెల్లగుడ్డ, రెండు మూడు క్లిప్పులు
- పదార్థాల మీద ఈగలు వాలకుండా వల మూతలు
- మోకాళ్ళ కింద వేసుకోవడానికి చిన్న చాప

చివరిది అనవసరమనిపించవచ్చు. ఫోటోల్లో సగం మోకాళ్ళ మీద కూర్చునే తీయవలసి వస్తుంది. రాళ్ళు గుచ్చుకుంటుంటే ఎవరైనా రెండు నిమిషాల్లో లేచి నిలబడతారు, అక్కడి నుంచి ప్రతి ఫోటోలోనూ నడినెత్తులే కనిపిస్తాయి.

3. చోటును, నీడను ఎంచుకోవడం

ఈ ఒక్క దశకు తగినంత సమయం ఇస్తే మిగిలినవన్నీ తేలికవుతాయి. భోజనానికి కనీసం 45 నిమిషాల ముందు చేరుకోండి.

ఆకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రని వెలుగు చుక్కలు నిజానికి సూర్యుడి ప్రతిబింబాలు. ఆకుల నడుమనున్న ప్రతి చిన్న సందూ సూదిబెజ్జం కెమెరాలా పనిచేస్తుంది. నేల మీద అందంగా కనిపించే ఆ చుక్కలే ముఖం మీద పడితే చుక్క తెల్లగా మాడిపోతుంది, పక్కనున్న చర్మం నల్లబడుతుంది. మన కన్ను ఆ తేడాను సర్దుకుంటుంది కానీ కెమెరా సర్దుకోలేదు. అందువల్ల పలుచని ఆకులున్న చెట్టును వదిలి, గుబురుగా ఉన్న చెట్టు కిందనో గోడ నీడలోనో కూర్చోబెట్టండి.

చోటు సరైనదో కాదో చూడటానికి పరికరాలేవీ అవసరం లేదు. మనుషులు కూర్చోబోయే చోట మీరే కూర్చుని, ముఖం ఎత్తులో అరచేతిని చాపి, నెమ్మదిగా చుట్టూ తిప్పండి. వేళ్ళ నీడ అరచేతి మీద అంచు కట్టినట్టు పడుతుంటే వెలుతురు కఠినంగా ఉందని అర్థం. నీడ అంచు తెలియకుండా కరిగిపోతుంటే ఆ చోటు మంచిది. చేయి ఏ దిక్కుకు తిరిగినప్పుడు చర్మం మెరుపు లేకుండా నిండుగా కనిపిస్తుందో ఆ దిక్కుకు ముఖాలు తిరిగేలా కూర్చోబెట్టాలి.

నీడ కదులుతుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. ఆకాశంలో సూర్యుడు గంటకు సుమారు 15 డిగ్రీలు కదులుతాడు. చేయి బారచాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు కాబట్టి, గంటకు పిడికిలిన్నర చొప్పున లెక్క వేసుకుని భోజనం మధ్యలో సూర్యుడు ఏ కొమ్మ సందులోకి వస్తాడో అంచనా వేయవచ్చు. పగటి నీడలు పడమటి నుంచి తూర్పుకు జరుగుతాయి. అంటే నీడకు పడమటి అంచున కూర్చున్నవారి మీదికే ముందుగా ఎండ వస్తుంది. గుడ్డను నీడకు తూర్పు భాగంలో పరిస్తే ఎక్కువసేపు నిలుస్తారు.

భోజనం వేళను మార్చగలిగితే సాయంకాలానికి మార్చండి. సూర్యుడు క్షితిజానికి దగ్గరగా, ఇంచుమించు ఆరు డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నప్పుడు వెలుగు మెత్తగా, పసుపు కలిసి ఉంటుంది. ముఖాల మీదికి పక్కనుంచి వస్తుంది కాబట్టి కళ్ళ కింద గుంటలు పడవు. మధ్యాహ్నమే తప్పనప్పుడు నిండు నీడ తప్ప మరో మార్గం లేదు.

4. పరిచే గుడ్డ, పళ్ళేలు, వెనుక దృశ్యం

నేల మీద పరిచినది కింది నుంచి వెలుతురును ముఖాల మీదికి తిప్పికొడుతుంది, తనతోపాటు తన రంగునూ పంపుతుంది. ఒకసారి తేమ నేల కాబట్టి నీలం టార్పాలిన్ పరిచి, దాని మీదే అందరినీ కూర్చోబెట్టి రెండు గంటలు ఫోటోలు తీశాను. ప్రతి ఒక్కరి గడ్డం కింద, ముక్కు కింద నీలం పులుముకున్నట్టు వచ్చింది. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిచేసే అమరిక) మార్చి నీలాన్ని తగ్గిస్తే నుదుళ్ళు నారింజ రంగుకు తిరిగాయి. రెండు రంగుల వెలుతురు ఒకే ముఖం మీద పడినప్పుడు తర్వాత చేయగలిగింది చాలా తక్కువ.

టార్పాలిన్ అవసరమైతే కింద వేసి, దాని మీద లేత గోధుమ రంగు, వెన్న రంగు లేదా లేత బూడిద రంగు దుప్పటి పరవండి. ఎర్ర గళ్ళ గుడ్డ చూడముచ్చటగానే ఉంటుంది, అయితే అది దుప్పటిలో సగం కన్నా తక్కువ భాగంలో, పదార్థాల కింద మాత్రమే ఉండేటట్టు చూసుకోవాలి. తళతళలాడే ప్లాస్టిక్ చాపలు ఆకాశాన్నంతా ప్రతిఫలిస్తాయి కాబట్టి వాటిని పక్కన పెట్టండి.

పళ్ళేలు ఒకే రంగువి కానక్కర్లేదు. ఇంటింటి నుంచి వచ్చిన వేర్వేరు గిన్నెలే ఈ విందుకు గుర్తు, వాటిని మార్చి ఒకేలా పేర్చవద్దు. అట్టపెట్టెలు, ధర చీటీలు, ప్లాస్టిక్ సంచులు, తాళంచేతులు, ఫోన్లు మాత్రం ఒక బుట్టలో వేసి పక్కకు తీయాలి.

వెనుక ఏముందో చూడటానికి కూర్చున్న ఎత్తులోనే చూడండి. నిలబడినప్పుడు కనిపించని వాహనాలు, చెత్తడబ్బాలు కూర్చున్నప్పుడు తలల వెనుక నుంచి తొంగిచూస్తాయి. గుడ్డను రెండడుగులు పక్కకు జరిపితే ఎన్నో అడ్డంకులు చెట్టు మొదలు చాటుకు పోతాయి. అందుకే ఈ పని అందరూ కూర్చోకముందే చేయాలి.

5. కెమెరా అమరికలు

వెలుతురును అదుపు చేసేవి మూడు: ఎపర్చర్ అంటే లెన్సు రంధ్రం వెడల్పు (ఎఫ్ పక్కన అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ వేగం అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయం, ఐఎస్ఓ అంటే వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత. నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఐఎస్ఓ సంఖ్యకు సరిపోల్చితే చాలన్నది పాత లెక్క. ఐఎస్ఓ 100 అయితే సుమారు 1/100 సెకను అన్నమాట. చెట్టు కింది నీడలో దానికన్నా మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంటే ఎనిమిదో వంతుకు వెలుతురు తగ్గుతుంది. గుబురు చెట్టయితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి పగలే అయినా ఐఎస్ఓ 400 లేదా 800 పెట్టడానికి వెనుకాడవద్దు. కాస్త గరుకుదనాన్ని తర్వాత తగ్గించవచ్చు కానీ కదిలి అలుక్కుపోయిన చేతిని తిరిగి తెచ్చుకోలేము.

షట్టర్ వేగం:

- మాట్లాడుకుంటున్న మనుషులకు 1/250 సెకను
- వడ్డిస్తున్న, అందుకుంటున్న చేతులకు 1/500 సెకను
- వంచుతున్న నీళ్ళ చుక్కలు విడివిడిగా నిలవాలంటే 1/1000 సెకను

ఎపర్చర్:

- ఒక చేయి, ఒక పళ్ళెం: ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4
- పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు: ఎఫ్/5.6
- రెండు వరుసల్లో అందరూ: ఎఫ్/8

కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తాను చూసే ప్రతిదాన్నీ నడిమి బూడిద రంగుగా భావించి లెక్క కడుతుంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం లేతరంగు గుడ్డే ఉన్నప్పుడు అది దృశ్యాన్ని నల్లబరుస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కను మనం సవరించే అమరిక) +0.7 నుంచి +1 దాకా పెంచాలి. చెట్టు మొదలు, చీకటి ఆకులు ఎక్కువగా ఉంటే మీటరు వెలుగును పెంచేసి ముఖాలను తెల్లగా మార్చేస్తుంది, అప్పుడు −0.7 దాకా తగ్గించాలి. ఎటూ తేల్చుకోలేనప్పుడు వెలుగున్న భాగాన్ని కాపాడండి. రా ఫైలులో (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైలు) నీడల్లోని వివరాలను కొంత పైకి తీయవచ్చు, పూర్తిగా తెల్లబడిన చోట మాత్రం తీయడానికి ఏమీ మిగలదు.

నడి పగటి వెలుతురు సుమారు 5,500 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత, అంకె పెరిగితే నీలం ఎక్కువ) ఉంటే, నీలాకాశం కింది నీడ 7,000 దాటుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేయకుండా ‘షేడ్’ మీద పెడితే చర్మం రంగు ఫోటో ఫోటోకూ మారకుండా ఉంటుంది. గుబురు చెట్టు కింద ఆకుల పచ్చదనం కూడా ముఖాల మీదికి దిగుతుంది. ఎడిటింగ్‌లో ‘టింట్’ను కొద్దిగా మెజెంటా (ముదురు గులాబీ) వైపు జరిపితే అది పోతుంది.

గాజు గ్లాసులు, నూనె తేలిన పదార్థాలు మరీ మెరుస్తుంటే పోలరైజర్ ఫిల్టరు పనికొస్తుంది. అయితే అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురును తినేస్తుంది కాబట్టి నీడలో వడ్డన తీసేటప్పుడు తీసివేయండి.

6. ఫోటోలు తీసే వరుస

6.1 ఖాళీ చోటు, తర్వాత పదార్థాలు

ఎవరూ కూర్చోకముందు చోటును ఒక ఫోటో తీయండి. చివర సర్దుకున్నాక అదే చోటు నుంచి మరొకటి తీస్తే ఆ రెండింటి నడుమ మిగిలిన ఫోటోలన్నీ కథలా అమరుతాయి.

పదార్థాల ఫోటోలకు పది నిమిషాలకు మించి తీసుకోకూడదు. ముందు ఆకుకూరలు, కోసిన పండ్లు, మంచుముక్కలు వేసిన పానీయాలు తీయాలి, ఎందుకంటే వాడిపోయేవి, కరిగిపోయేవి అవే. పొగలు కక్కే పదార్థం మూతను చివరి క్షణం దాకా తీయవద్దు. ఆవిరి కనిపించాలంటే వెలుతురు దాని వెనుక నుంచి రావాలి, దాని వెనుక చెట్టు మొదలు వంటి నల్లని భాగం ఉండాలి. ఎదురుగా వెలుతురు పడితే ఎంత ఆవిరి ఉన్నా ఫోటోలో కనిపించదు.

ఫోటోల కోసం పదార్థాలను బయట నిలవ ఉంచడం ప్రమాదకరం. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార భద్రతా సూచనల ప్రకారం, త్వరగా పాడయ్యే పదార్థాలు రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. వేడి 32 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజున గంట మాత్రమే. ఆ గంటలో ప్రయాణంలో చల్లదనం తప్పిన సమయాన్ని కూడా కలుపుకోవాలి.

6.2 పైనుంచి ఒకటి

విందు మొత్తాన్ని పైనుంచి తీయాలంటే సూర్యుడి వైపు ముఖం పెట్టి నిలబడండి, అప్పుడు మీ నీడ వెనక్కి పడుతుంది. కెమెరా నేలకు సమాంతరంగా లేకపోతే పళ్ళేలన్నీ ఒక పక్కకు జారుతున్నట్టు కనిపిస్తాయి. గుడ్డ నిండా సమానంగా పేర్చవద్దు, ఒక మూల ఖాళీగా వదలండి. ఆ ఖాళీలోకి ఒక చేయి వచ్చి గిన్నె పెడుతుండగా తీసిన ఫోటో, అన్నీ అమర్చేశాక తీసినదానికన్నా ఎప్పుడూ బాగుంటుంది.

6.3 అందరూ ఉన్న ఫోటో

దీన్ని మొదటి ముద్దకు ముందు, మూడు నిమిషాల్లో ముగించాలి. కొన్నేళ్ళ క్రితం ఒక విందులో ఈ ఫోటో కుదరడం లేదని వడ్డించిన పళ్ళేల ముందు అందరినీ పావుగంట ఆపాను. వారిలో ఒక పెద్దాయన చక్కెర జబ్బుకు మందు వేసుకుని, వెంటనే తినవలసి ఉండి, మొహమాటంతో ఊరుకున్నారు. ఆయన చేతులు వణకడం చూసినవారు చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఈ ఫోటోకు గడియారం చూసుకుంటాను.

కళ్ళు మూసినవారు లేని ఫోటో కోసం ఎన్ని తీయాలన్నదానికి ఒక లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ వేసిన ఈ లెక్కకు 2006లో ఇగ్ నోబెల్ గణిత బహుమతి వచ్చింది. ఇరవైమంది లోపు ఉన్నప్పుడు, వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యను మూడుతో, వెలుతురు తక్కువైతే రెండుతో భాగించి వచ్చినన్ని ఫోటోలు తీయాలి. పన్నెండుమంది ఉంటే నాలుగు నుంచి ఆరు అన్నమాట. అన్ని తీశాక ఆపేయండి.

ఈ ఫోటో అయిన తర్వాత ఆ రోజంతా ఎవరినీ ‘ఇటు చూడండి’ అని అడగకూడదు. ఈ నియమాన్ని పాటిస్తే పది నిమిషాల్లో అందరూ కెమెరాను మరిచిపోతారు.

6.4 వడ్డన

ఇక్కడే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. వడ్డించే మనిషి ఎదురుగా, అందుకునేవారికి ఒక పక్కగా, మోకాళ్ళ మీద కూర్చోండి. కెమెరా ఎత్తు కూర్చున్నవారి భుజం ఎత్తుకు రావాలి. ఆ ఎత్తు నుంచి ఇచ్చే చేయి, అందుకునే చేయి, రెండు ముఖాలు ఒకే ఫ్రేమ్‌లో పడతాయి.

ఫోకస్‌ను గరిటె మీద కాక అందుకునే చేతి మీద ముందే నిలిపి ఉంచండి. గరిటె వచ్చేది అక్కడికే. మొదటి ఇద్దరికీ వడ్డించేటప్పుడు ఫోటో తీయకుండా చూడండి. ఆ మనిషి చేయి ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు ముఖంలోకి చూస్తారో, ఆ లయ రెండు సార్లకే తెలిసిపోతుంది. మూడో మనిషి నుంచి తీయడం మొదలుపెట్టండి. గరిటె పళ్ళేనికి తగలకముందు ఒకటి, తగిలాక ఒకటి తీస్తే చాలు. బర్స్ట్‌లో (ఒకే నొక్కుతో వరుసగా) నలభై తీయడం కన్నా ఇదే మేలు.

మొదటి వడ్డన కన్నా మారు వడ్డన గొప్ప ఫోటోలనిస్తుంది. మొదటిసారి అందరూ పళ్ళెం వైపే చూస్తారు. రెండోసారి వద్దంటూ పళ్ళెం మీద చేయి అడ్డం పెట్టేవారు, ఆ వేళ్ళ సందుల్లోంచే కొసరి వేసేవారు, పక్కన నవ్వేవారు ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ సమయానికి మీరు పళ్ళెం ముందు కూర్చుని తింటూ ఉండకూడదు. మొదటి వడ్డన తీశాక త్వరగా నాలుగు ముద్దలు తిని, చేయి కడుక్కుని సిద్ధంగా ఉండండి.

6.5 దగ్గరగా, చిన్న విషయాలు

భోజనం చివర ఒక పెద్దావిడ కమలాపండు వలుస్తున్నారనుకోండి. తొక్క మీద గోరు దిగినప్పుడు సన్నని తుంపర లేస్తుంది. వెలుతురు వెనుక నుంచి ఉంటే ఆ తుంపర పొగలా మెరుస్తుంది. మొదటి తొన పక్కనున్న పిల్లవాడికి వెళుతుంది, ఆవిడ అటు చూడనైనా చూడరు, పిల్లవాడి చేయి అప్పటికే చాపి ఉంటుంది. తీయవలసింది ఆ తొనను, చాపిన ఆ అరచేతిని, దాని మీద అంటుకున్న తెల్లని నారను. ముఖాలు అక్కర్లేదు. ఎఫ్/4, 1/500 సెకను పెట్టి, ఫోకస్‌ను తొన మీద ఉంచి, రెండడుగుల దూరం నుంచి తీయండి.

ఇటువంటి క్షణాలు తరచు చివరి అరగంటలోనే వస్తాయి. కడుపు నిండాక చేతులు నెమ్మదిస్తాయి.

6.6 వెనుక నుంచి

ముఖాలు లేని ఫోటోలో విందు ఉండదనుకోవడం పొరపాటు. 1938లో ఫ్రాన్స్‌లో హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ తీసిన ప్రసిద్ధ ఫోటోలో నది ఒడ్డున గడ్డి మీద కూర్చుని తింటున్నవారు చాలావరకు వెనుక నుంచే కనిపిస్తారు. ఒకరు గ్లాసులోకి పానీయం వంచుకుంటుంటారు. వారు చూస్తున్న నీటినే మనమూ వారి భుజాల మీదుగా చూస్తాము. మీరూ ఒకసారి లేచి వెనక్కి వెళ్ళి, అందరూ చూస్తున్న దిక్కుకే చూస్తూ తీయండి. ఫోటోలు తీయించుకోవడం ఇష్టం లేనివారిని కలుపుకోవడానికి కూడా ఇది మంచి మార్గం.

7. ఫోన్‌తో తీసేవారికి

పైన చెప్పినవన్నీ ఫోన్‌కూ వర్తిస్తాయి. అదనంగా చూసుకోవలసినవి ఇవి:

- తీసే ముందు లెన్సు తుడవండి. విందులో వేళ్ళ జిడ్డు లెన్సుకు తప్పకుండా అంటుతుంది, ఫోటో అంతా మంచు కమ్మినట్టు వస్తుంది.
- అందుకునే చేతి మీద తెరను నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ నిలిచిపోతాయి. తర్వాత వేలిని కిందికి జరిపి వెలుగును కొద్దిగా తగ్గించండి.
- వైడ్ లెన్సుతో దగ్గరికి వెళితే అంచున ఉన్న ముఖాలు సాగుతాయి. 2ఎక్స్‌కు మార్చి, మనిషికి కనీసం ఐదడుగుల దూరంలో ఉండండి.
- పోర్ట్రెయిట్ మోడ్ గాజు గ్లాసుల అంచులను, చెంచాల కాడలను తప్పుగా మసకబరుస్తుంది. వడ్డన ఫోటోలకు దాన్ని వాడకండి.
- ఫోన్‌ను ఎండలో పెట్టకండి. వేడెక్కితే తెర మసకబారుతుంది, కెమెరా ఆగిపోవచ్చు. చల్లబరచడానికి ఐసు పెట్టెలో మాత్రం పెట్టవద్దు, లోపల తేమ పడుతుంది.

8. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

ముఖం మీద ఎండ మచ్చలు. మనిషిని అడుగు పక్కకు జరగమనండి. కుదరకపోతే పలుచని తెల్లగుడ్డను పైన ఇద్దరు పట్టుకుంటే చాలు.

కళ్ళ కింద నల్లని గుంటలు. తెల్ల అట్టను ఒడి ఎత్తులో, ముఖం వైపు వాల్చి పెట్టండి. ఫ్లాష్ ఉంటే దాని శక్తిని బాగా తగ్గించి వాడవచ్చు కానీ నూనె ఉన్న పదార్థాల మీద అది తెల్లని చుక్కలు పెడుతుంది.

నోట్లో ముద్దతో దొరకడం. ముద్ద ఎత్తేటప్పుడు, నమిలేటప్పుడు తీయవద్దు. మింగిన తర్వాత మాట్లాడటానికి తల ఎత్తుతారు, ఆ అరక్షణం కోసం ఆగండి. అటువంటి ఫోటో పొరపాటున వస్తే అక్కడే తుడిచేయండి.

పళ్ళెం చిందరవందరగా కనిపించడం. తింటున్న పళ్ళెం అలాగే ఉంటుంది, దాన్ని సరిచేయవద్దు. అంచున కారిన రసం మాత్రం తుడిచి, మరింత దగ్గరికి వెళ్ళండి. దూరం నుంచి చెత్తలా కనిపించేదే దగ్గరగా చూస్తే వంటకంలా కనిపిస్తుంది.

ఒకే ఎత్తు నుంచి అన్నీ తీయడం. ఇదే అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి ఎత్తు మార్చండి. నేలకు ఆనించి ఒకటి, కూర్చున్న ఎత్తులో పది, నిలబడి రెండు అన్న పాళ్ళు బాగుంటాయి.

కొందరు ఏ ఫోటోలోనూ లేకపోవడం. వండినవారు, వడ్డించినవారు, ఫోటో తీసిన మీరు తరచు ఇలా మిగిలిపోతారు. భోజనం సగంలో ఉండగా ఫోటోలను వెనక్కి తిప్పి ఒక్కొక్కరి పేరూ మనసులో సరిచూసుకోండి. మీ కెమెరాను కాసేపు మరొకరి చేతికివ్వండి.

9. ఎంపిక, దిద్దుబాటు, పంచడం

ఇంటికి చేరిన రోజే ఫోటోలను రెండు చోట్ల భద్రపరచండి. మరునాడు ఎంపిక మొదలుపెట్టండి. రెండు వందలు తీస్తే ఇరవై ఐదు మిగలాలి. ఒకే వడ్డనకు చెందిన ఆరు ఫోటోల్లో చేతుల నడుమ ఖాళీ స్పష్టంగా ఉన్నదాన్ని ఉంచి మిగిలినవి తీసేయండి.

దిద్దుబాటును ఈ వరుసలో చేయండి:

- ముందు వైట్ బ్యాలెన్స్: తెల్లని పళ్ళెం ఏదైనా ఆధారంగా తీసుకోండి. సాయంకాలపు పసుపును మాత్రం పూర్తిగా తీసేయవద్దు.
- తర్వాత ఎక్స్‌పోజర్: వెలుగులు తగ్గించి, నీడలు కొద్దిగా పెంచండి.
- చివర కత్తిరింపు: అంచున సగం తెగిన పళ్ళేలుంటే పూర్తిగా తీసేయండి లేదా పూర్తిగా ఉంచండి. చేతులను మణికట్టు దగ్గర తెంచవద్దు.

రంగులను మరీ పెంచితే మొదట పాడయ్యేది చర్మం. పదార్థం బాగా కనిపించాలని సాచురేషన్ (రంగు గాఢత) పెంచదలిస్తే ఆ పదార్థం మీద మాత్రమే పెంచండి.

పంపే ముందు ప్రతి ఫోటో నుంచి స్థల సమాచారాన్ని తొలగించండి. పిల్లలున్నవాటిని వారి తల్లిదండ్రులకే విడిగా పంపండి. మెసేజింగ్ యాప్‌లు ఫోటోలను కుదించి నాణ్యత తగ్గిస్తాయి కాబట్టి ముద్రించుకోవాలనుకునేవారికి డాక్యుమెంట్‌గా పంపాలి. 4×6 అంగుళాల ముద్రణకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 1200×1800 పిక్సెళ్ళు ఉండాలి. ఎక్కువ కత్తిరించిన ఫోటోలను పంపే ముందు ఈ లెక్క చూసుకోండి.

అందరికీ ఒకే మూట పంపడంతో పాటు, వడ్డించినవారికి వారి చేయి ఉన్న ఫోటోను వేరుగా ముద్రించి ఇవ్వండి. ఆ పూటంతా వారు పళ్ళేల వైపే చూస్తూ ఉంటారు కాబట్టి, అందుకున్నవారి ముఖం ఎలా వెలిగిందో వారికి కనిపించి ఉండదు.